మావయ్య హాజరు పుస్తకం

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా చిన్నమావయ్య ఇంట్లో అటక దులుపుతుంటే ఒక పాత నోట్‌బుక్కు దొరికింది. అట్ట ఊడిపోయింది, ఒక మూల చెదలు తినేసింది. మొదటి పేజీలో నీలం సిరాతో "1996-97, పదో తరగతి, రాత్రి బడి" అని మావయ్య చేతిరాత. దాని కింద మా పేర్లు, 41. నాది 26వ పేరు. దుమ్ము చేతులతోనే నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయాను. కింద నుంచి అత్త "ఏటే, పడిపోయావేటి?" అని రెండుసార్లు అరిచేదాకా కదల్లేదు.

అది హాజరు పట్టీ. కానీ రానివాళ్ళకి మామూలుగా పెట్టే సున్నాలు అందులో లేవు. పిల్ల రాకపోతే ఎందుకు రాలేదో ఒక్క అక్షరంలో రాసుకునేవాడు మావయ్య. మా వైపు వరినాట్లని ఉభాలంటాం, వాటికి వెళ్తే ఉ. గోగునార పనికి వెళ్తే గో. గెడ్డ, అంటే వాగు, పొంగి దాటలేకపోతే గె. జ్వరమైతే జ. పెళ్ళికో పండక్కో వెళ్తే పె. అమ్మానాన్నలతో పాటు ఊరొదిలి పనులకి పోతే వ, అంటే వలస. వ పడిన పేర్లకి ఆ తర్వాత చాలా గళ్ళు ఖాళీ.

మాది చీపురుపల్లి నుంచి రాజాం పోయే రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఊరు. అప్పట్లో రాజాం శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చాక మా విజయనగరం జిల్లాలో కలిసింది. కాగితం మీద ఏ జిల్లా అయినా సంతకీ సినిమాకీ మాకు రాజామే. విజయనగరం జిల్లా పుట్టిందే 1979 జూన్‌లో, అంటే నాకంటే మూడేళ్ళు పెద్దది. 2011 జనాభా లెక్కల్లో కూడా ఈ జిల్లాలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి 59 మంది దాకానే. నేను చెప్పే కాలం దానికి పద్నాలుగేళ్ళ ముందుది. మా క్లాసులో సగంమంది ఇళ్ళల్లో ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్రే పడేది.

అమ్మా నాన్నా విజయవాడ వైపు పనులకి పోతే నేనూ తమ్ముడూ అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకున్నాం. మా జిల్లా పరిషత్ హైస్కూలు ఊరి చివర చెరువుగట్టు పక్కన ఉండేది. ఆరు నుంచి పది దాకా అయిదు తరగతులు, నాలుగు గదులు. వానాకాలంలో ఎనిమిదో తరగతి వరండాలో, మిగతా రోజుల్లో వేపచెట్టు కింద. నల్లబల్ల అంటే గోడకి పూసిన నలుపే. ఏటా పంద్రాగస్టుకి ముందు బొగ్గు నూరి దొండాకు పసరు కలిపి ఆ గోడకి రుద్దడం పదో తరగతి ఆడపిల్లల పని. ఆ పసరు వాసన రెండు రోజులు చేతులకి వదిలేది కాదు. పూసిన మర్నాడు సుద్దతో గీత గీస్తే ఎంత తెల్లగా పడేదో, ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

పాఠాలకి తెలుగు మాస్టారు, సోషల్ మాస్టారు, హిందీ టీచరుగారు, సైన్సు మాస్టారు ఉండేవారు. ఇంగ్లీషు హెడ్మాస్టారే చెప్పేవారు. లెక్కలకి ఎవరూ లేరు. మేము తొమ్మిదిలోకి వచ్చిన ఏడాది లెక్కల మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయారు, ఆయన కుర్చీ అలాగే ఉండిపోయింది. సైన్సు మాస్టారు ఫిజికల్ సైన్సు, బయాలజీ, వాటిమీద లెక్కలు కూడా లాక్కొచ్చేవారు. పాపం ఆయన బయాలజీ మనిషి. నాలుగో పీరియడ్‌కి వచ్చేసరికి గొంతు పోయేది. అయినా ఒకరోజు బీరువా తాళం తీయించి, మెగ్నీషియం తీగ పటకారుతో పట్టుకుని వెలిగించి చూపించారు. ఆ తెల్లటి వెలుగుకి క్లాసంతా ఒక్కసారి "హా" అంది. మూడేళ్ళలో మేము కళ్ళారా చూసిన ప్రయోగం అదొక్కటే. రసాయన సమీకరణాలు ఎన్ని మర్చిపోయానో గానీ మెగ్నీషియం ఆక్సైడు మర్చిపోలేదు.

అప్పట్లో పదో తరగతి పబ్లిక్ అంటే 11 పేపర్లు, 600 మార్కులు. హిందీ ఒక్కటి ఒకే పేపరు, మిగతా అన్నీ రెండేసి. హిందీకి 20 వస్తే పాసు, తక్కినవాటికి 35 రావాలి. ఒక్కదాన్లో 34 వచ్చినా మొత్తం పోయినట్టే. మా ఊళ్ళో దాన్ని ఫెయిలవడం అనేవాళ్ళు కాదు, "టెన్తు తప్పాడు" అనేవాళ్ళు. తప్పినవాళ్ళలో ఎక్కువమంది లెక్కల్లో, ఇంగ్లీషులో తప్పేవాళ్ళు.

లెక్కలు ఎవరు చెప్తారని హెడ్మాస్టారు ఊళ్ళో వాకబు చేస్తే అందరూ మా మావయ్యని చూపించారు. మావయ్య విజయనగరం మహారాజా కాలేజీలో బీఎస్సీ, తర్వాత బీఎడ్ చేసి, డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ అమ్మమ్మకున్న రెండెకరాలూ దున్నుకునేవాడు. 28 ఏళ్ళు అప్పటికి. హెడ్మాస్టారు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, "జీతం ఇవ్వలేను నాయనా, ఇవ్వడానికి స్కూలు దగ్గర పద్దు లేదు" అన్నారు. మావయ్య "పగలు పొలం ఉంటుంది మాస్టారూ, రాత్రి చెప్తాను" అన్నాడు. అంతే, బేరం అయిపోయింది.

జులైలో మొదలైంది రాత్రి బడి. మొదటి రోజు మావయ్య బోర్డు మీద సగాన్ని మూడోవంతుతో హెచ్చించమని ఒక లెక్క వేశాడు. 41 మందిలో ఏడుగురం చేశాం. మూడోవంతుని సగంతో భాగించమంటే ఇద్దరే. పుస్తకంలో మొదటి పాఠం ప్రవచనాలు, సమితులు. అది పక్కన పెట్టేసి, "భిన్నాలు రానోళ్ళకి శ్రేఢులు ఏటి చెప్పీది?" అని పదో తరగతి పిల్లలకి నెలరోజులు భిన్నాలే చెప్పాడు. కొందరు తండ్రులకి కోపం వచ్చింది. పబ్లిక్ పరీక్ష పెట్టుకుని మూడో తరగతి లెక్కలు చెప్తున్నాడేమిటని అడిగారు. మావయ్య ఎవరికీ సమాధానం చెప్పలేదు.

ఒక రాత్రి అమ్మమ్మ కొట్టుగదిలోంచి కొలతలన్నీ పట్టుకొచ్చాడు. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. పెట్రోమాక్స్ లైటు కింద చాప పరిచి, దానిమీద ధాన్యం పోసి వాటిని వరసగా పెట్టాడు. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. మాలో ఎవరికి తెలీదు అది? కల్లంలో నిలబడి వడ్లు కొలిచిన పిల్లలం. "కుంచంలో సోలెంత?" అన్నాడు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు, అప్పటిదాకా నోరు విప్పనివాడు, "పదహారో వంతు మాస్టారూ" అన్నాడు. "అడ్డలో తవ్వెంత?" "పావు." "తవ్వలో సగమెంత?" "సోల." అలా అరగంట సాగింది. భిన్నం అనే మాట పలకకుండానే భిన్నాలన్నీ చెప్పించేశాడు.

నవంబరులో గుణశ్రేఢి వచ్చినప్పుడు మళ్ళీ అవే కొలతలు తెచ్చాడు. సోలని ఒకటి అనుకుంటే తవ్వ 2, మానిక 4, అడ్డ 8, కుంచం 16. బోర్డు మీద 1, 2, 4, 8, 16 అని రాసి, "మీ తాతలు కొలిచిందే ఇది. దీనికి పుస్తకంలో పేరు గుణశ్రేఢి. సామాన్య నిష్పత్తి రెండు" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. మా ఇంటి కొట్టుగదిలో ఉన్నది, పుస్తకంలో ఉన్నది ఒకటే అని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత బీఎస్సీ దాకా చదివాను, మంచి లెక్చరర్లు చెప్పారు. ఆ రాత్రి లాంటి పాఠం మాత్రం మళ్ళీ వినలేదు.

అయితే ఆ నవంబరు పాఠం విన్నది ఎంతమంది? పుస్తకం తిప్పి లెక్కపెట్టాను. పద్నాలుగు మంది. మిగతా గళ్ళ నిండా గో, గో, గో.

గోగు గురించి చెప్పకపోతే మా బడి గురించి చెప్పినట్టు కాదు. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం వైపు జూటు మిల్లులు నడిచినన్నాళ్ళూ మా మెట్ట పొలాలన్నీ గోగే. వానలకి విత్తి, దసరా అటూ ఇటూగా కోసేవాళ్ళు. కట్టలు కట్టి చెరువులోనో గుంటలోనో ముంచి, మీద మట్టిపెళ్ళలూ రాళ్ళూ బరువు పెట్టి మురగబెట్టేవాళ్ళు. రెండు మూడు వారాలకి బెరడు కుళ్ళి నార విడుతుంది. అప్పుడు నడుంలోతు నీళ్ళలో నిలబడి ఒక్కో పుల్ల నుంచీ నార వొలిచి, జాడించి, ఆరబెట్టాలి. నీళ్ళు నల్లగా, చిక్కగా ఉంటాయి. వాసన ఊరంతా కమ్మేస్తుంది. పెద్దవాళ్ళ చేతులు చాలవు, పిల్లలు దిగాల్సిందే. నార పనిలోంచి వచ్చిన పిల్ల క్లాసులో కూర్చుంటే చూడక్కర్లేదు, వాసనకే తెలిసిపోయేది. వేళ్ళు నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉండేవి. పెన్ను పట్టుకుంటే జారేది. సరిగ్గా అవే రోజుల్లో క్వార్టర్లీ పేపర్లు దిద్ది ఇవ్వడం, హాఫ్ ఇయర్లీకి పాఠాలు తరమడం. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా సిలబస్‌లో సగం అయిపోయేది, చెరువులో ఉన్నవాళ్ళు లేకుండానే.

మావయ్య ఒకసారి చెరువుగట్టుకే వెళ్ళి ఒక తండ్రిని బతిమాలాడు. నేనూ వెంట ఉన్నాను. ఆయన నీళ్ళలోంచి చేతులు తీయకుండానే అన్నాడు, "బావూ, గుంటని బడికి పంపిస్తే ఈ నారెవుడు తీస్తాడు? నార అమ్మితేనే దాని పరీక్ష ఫీజు." మావయ్య మాట్లాడలేదు. ఫ్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి సాయంత్రం దాకా నార వొలిచాడు. ఆ రాత్రి ఆ పిల్ల బడికి వచ్చింది.

ఆ పిల్ల నా స్నేహితురాలు. పేరు రాయను, తనకి ఇష్టం ఉండదు. గెడ్డ అవతల ఊరు. ఏడో తరగతి దాకా వాళ్ళ ఊళ్ళోనే చదివి ఎనిమిదికి మా బడికి వచ్చింది. రోజూ నాలుగు కిలోమీటర్లు నడక, చేతిలో చోడి, అంటే రాగి, అంబలి క్యాను. లెక్కల్లో మా అందరికంటే చురుకు. నేను సూత్రం గుర్తు తెచ్చుకునేలోపు తను జవాబు చెప్పేసి, ఎలా వచ్చిందో అడిగితే నవ్వేది. పుస్తకంలో తన వరస చూశాను. జులైలో ఉ, ఉ, ఉ. ఆగస్టులో గె, గె. అక్టోబరులో గో మొదలై మధ్యలో రెండు జ లు, మళ్ళీ గో. అన్నీ కలిపి 23 గో లు. సంక్రాంతి దాటాక మాత్రం ఒక్క రోజూ తప్పలేదు, వరసంతా టిక్కులే. ఎందుకంటే జనవరి నుంచి తను మా ఇంట్లోనే ఉంది.

అది అమ్మమ్మ పుణ్యం. రాత్రి బడికి ఆడపిల్లల్ని పంపడానికి ఊళ్ళో చాలామంది ఒప్పుకోలేదు. మగపిల్లలు స్కూల్లోనే పడుకుని చదువుకునేవాళ్ళు, మాకు ఆ వీలు లేదు. అమ్మమ్మే ఒకరోజు మావయ్యతో, "రామకోవెల్లో చెప్పరా, గుమ్మంలో నేను కూకుంటాను, ఎవుడొస్తాడో చూస్తాను" అంది. అన్నట్టే మార్చి దాకా ప్రతి రాత్రీ కోవెల గుమ్మంలో కూర్చుంది. అడ్డపొగ తాగేది అమ్మమ్మ, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. చీకట్లో ఆవిడ ఉన్నట్టు పొగే చెప్పేది. లోపల రాముడి ముందు నాలుగు లాంతర్లు, మేము పదకొండు మంది ఆడపిల్లలం. కిరసనాయిలు ఇంటికో రోజు చొప్పున రేషన్‌లో వచ్చినదాంట్లోంచే తెచ్చేవాళ్ళం. పదిన్నరకి పలాస ప్యాసింజరు కూత గాలివాటుకి దూరంగా వినిపిస్తే లాంతర్లు తగ్గించి ఇంటికి. గెడ్డ అవతలి పిల్లకి రాత్రి వెళ్ళే దారి లేదు కాబట్టి అమ్మమ్మ మా ఇంట్లోనే చాప వేసింది. ఒకే దుప్పటి కింద పడుకుని ఇద్దరం త్రికోణమితి సూత్రాలు వల్లెవేసుకునేవాళ్ళం.

లెక్కలు వెనకబడితే రాత్రి కూర్చుని అందుకోవచ్చు, మావయ్య ఉన్నాడు. ఇంగ్లీషుకి ఊళ్ళో అలాంటి మనిషి లేడు. హెడ్మాస్టారు మంచివారు, బాగా చెప్పేవారు కూడా. కానీ వారంలో రెండు రోజులు జీతాల బిల్లులనీ, మీటింగులనీ మండలానికి పరుగు. ఉన్న రోజుల్లో పాఠం చదివి, వాక్యం వాక్యం తెలుగులో చెప్పేవారు. మేము తెలుగు అర్థం గుర్తుపెట్టుకునేవాళ్ళం, ఇంగ్లీషు అలాగే ఉండిపోయేది. సెలవు చీటీ ఒకటి, స్నేహితుడికి ఉత్తరం ఒకటి, పర్యావరణం మీద వ్యాసం ఒకటి బట్టీ పట్టాం. అడిగింది ఏదైనా ఆ మూడింట్లో ఒకటి రాసి రావడమే. గోగు రోజుల్లో తప్పిన ఇంగ్లీషు పాఠాలు నా స్నేహితురాలికి ఎవరూ మళ్ళీ చెప్పలేదు. నేను చెప్పడానికి నాకే అంతంతమాత్రం. ఈ ఒక్క విషయం తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పుడు ఒక్క మనిషి దొరికి ఉంటే చాలు.

మార్చిలో పరీక్షలు. సెంటరు తొమ్మిది కిలోమీటర్ల అవతల పెద్ద ఊళ్ళో. పొద్దున ఏడింటి బస్సు తప్పితే ఇక లేదు. అందుకని ఆరింటికే రోడ్డు మీద ఉండేవాళ్ళం. సెంటరు చుట్టూ గోడ ఎక్కి చిట్టీలు విసిరేవాళ్ళు కనిపించేవారు. ఎవరి పిల్లల కోసం వాళ్ళు వచ్చేవారు. మా ఊరి నుంచి కూడా ఇద్దరు అన్నయ్యలు బయల్దేరారని తెలిసి ముందు రోజు రాత్రి మావయ్య అందరినీ కోవెల ముందు కూర్చోబెట్టాడు. "చిట్టీ పట్టుకున్నారని తెలిస్తే ఇంక నేను మీకు లెక్క చెప్పను" అన్నాడు. ఆ మాటకే మాకు ఏడుపొచ్చింది. పరీక్షలయ్యాక ఆయన మాకు లెక్కలు చెప్పేది ఎలాగూ లేదు, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

లెక్కల పేపర్లు రెండూ బాగా రాశాం. మొదటి పేపర్లో గ్రాఫు, రెండో పేపర్లో నిర్మాణం, ఈ రెండు అయిదేసి మార్కులూ చెయ్యి జారకూడదని మావయ్య వందసార్లు గీయించాడు. పెన్సిలు ములుకు ఎలా చెక్కాలో కూడా చూపించాడు. పేపరుకి 50 మార్కుల్లో 15 బిట్ పేపరువే, ఆఖరి అరగంటలో ఇచ్చేవారు. గుణశ్రేఢి మీద బిట్టు కనిపించగానే నాకు చాపమీద కుంచం కనిపించింది. తల తిప్పి చూస్తే రెండు వరసల అవతల నా స్నేహితురాలు అప్పటికే రాసేసి పెన్ను మూసింది. ఇంగ్లీషు రెండో పేపరు రోజున మాత్రం బస్సులో తను ఒక్క మాటా మాట్లాడలేదు.

రిజల్ట్స్ అప్పట్లో పేపర్లోనే. పేజీల నిండా చీమల్లాంటి నంబర్లు. రోడ్డు మీద కిళ్ళీకొట్టు దగ్గర ఒకే పేపరుకి ముప్పై తలకాయలు. మావయ్య వేలు పెట్టి మా స్కూలు నంబర్లు వరసగా చదువుతున్నాడు. నాది ఫస్టు క్లాసులో ఉంది. తనది లేదు. కింద సెకండు క్లాసులో, థర్డు క్లాసులో వెతికాడు. మళ్ళీ పైనుంచి వెతికాడు. మూడోసారి వెతుకుతుంటే తనే, "వదిలీండి మాస్టారూ, లేదు" అంది.

41 మంది రాస్తే 16 మందిమి పాసయ్యాం. మార్కుల లిస్టులు వచ్చాక తెలిసింది, తనకి లెక్కల్లో 91. స్కూల్లో అందరికంటే ఎక్కువ. నాకు 78. ఇంగ్లీషులో తనకి 29. సప్లిమెంటరీ రాస్తే 33 దగ్గర ఆగింది. ఆ తర్వాత మళ్ళీ ఫీజు కట్టడానికి ఇంట్లో ఎవరూ ముందుకు రాలేదు, మేము కట్టబోతే వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. నేను ఇంటర్‌కి విజయనగరం వెళ్ళిపోయాను. మొదటి నెలంతా హాస్టల్లో రాత్రి పదిన్నరకి మెలకువ వచ్చేసేది.

జూన్‌లో తక్కువ ఫలితాలు వచ్చిన స్కూళ్ళ హెడ్మాస్టర్లని మీటింగుకి పిలిచారు. మా స్కూలుకి 39 శాతం. మా హెడ్మాస్టారు వెళ్ళేముందు ఇంటికి వచ్చి ఈ నోట్‌బుక్కు అడిగి తీసుకున్నారు. మావయ్య ఇప్పటికీ ఆ సంగతి చెప్తే గొంతు మారుతుంది. అందరిలో నిలబెట్టి శాతం ఎందుకు తగ్గిందని అడిగితే ఆయన పుస్తకం తీసి, "లెక్కల పోస్టు రెండేళ్ళుగా ఖాళీ. లెక్కల్లో తప్పినవాళ్ళు అయిదుగురే, అది ఈ కుర్రాడి పుణ్యం. మిగతావాళ్ళు ఎక్కడున్నారో ఇందులో ఉంది" అని గో ల పేజీ తెరిచి బల్లమీద పెట్టారట. ఎవరూ తెరిచిన పేజీ చూడలేదట. పుస్తకం తిరిగి ఇస్తూ హెడ్మాస్టారు, "జాగ్రత్తగా దాచు నాయనా" అన్నారట. అందుకే అటక మీద ఇన్నేళ్ళు ఉంది.

మరుసటి ఏడాది చివర్లో కొత్త లెక్కల మాస్టారు వచ్చారు. మావయ్య పుస్తకాలు ఆయనకి అప్పగించి 1998 డీఎస్సీకి కూర్చున్నాడు. క్వాలిఫై అయ్యాడు. ఉద్యోగం రాలేదు. ఆ డీఎస్సీ వ్యవహారం కోర్టుల చుట్టూ ఎన్నేళ్ళు తిరిగిందో ఆంధ్రాలో టీచరు కుటుంబాలన్నిటికీ తెలుసు. ఏడాది, రెండేళ్ళు అనుకుంటూ ఎదురుచూశాం. తర్వాత ఎదురుచూడటం కూడా మానేశాం. మావయ్య పెళ్ళి చేసుకున్నాడు, గోగు పోయి మొక్కజొన్న వచ్చింది, అదే పండించాడు. సాయంత్రాలు మాత్రం అరుగు మీద ఎవరో ఒకరి పిల్లలు లెక్కలు చేస్తూ ఉండేవారు. 2022లో ప్రభుత్వం ఆ బ్యాచ్‌లో మిగిలినవాళ్ళకి కాంట్రాక్టు పద్ధతిలో మినిమం టైం స్కేలు, అంటే ఆ పోస్టుకుండే కనీస జీతం, ఇస్తామంది. 2023లో నియామకాలు ఇచ్చారు. పాతికేళ్ళు. సెకండరీ గ్రేడ్ టీచరుగా తెర్లాం వైపు ఒక చిన్న ఊళ్ళో మావయ్య బళ్ళో చేరేనాటికి ఆయన వయసు 55.

ఈసారి ఊరెళ్ళినప్పుడు మా హైస్కూలు కూడా చూసొచ్చాను. పెంకుల గదులు లేవు, మేడ ఉంది. అసలు బోర్డులు వచ్చాయి. మధ్యాహ్న భోజనం ఇక్కడ చిన్న తరగతులకి 2003లో మొదలై 2008లో హైస్కూలు దాకా వచ్చింది. అంబలి క్యాన్లు మోసుకుని నడిచిన మాకు ఆ అన్నం విలువ ఎంతో చెప్పలేను. వంటషెడ్డులో పప్పు గుండిగ దగ్గర నిలబడి గరిటె తిప్పుతున్నది నా స్నేహితురాలు. పన్నెండేళ్ళుగా ఆ బడిలో తనే వండుతోంది. నన్ను చూడగానే చేతులు చీరకి తుడుచుకుని వచ్చి వాటేసుకుంది. బియ్యం ఎంత పోయాలో రోజూ హాజరు చూసి తనే లెక్క కడుతుందట, కాగితం అక్కర్లేదట. "ఆరోజు నూటెనభై మూడు మందికి లెక్కేసి చెప్తే మేడమ్ ఫోన్లో చూసుకుని సరిగ్గా ఉందన్నాదే" అని నవ్వింది. అదే నవ్వు, సూత్రం అడిగితే నవ్వేది. నోట్‌బుక్కు చూపించాను. తన వరస మీద వేలు పెట్టి గో లు లెక్కపెట్టింది. "ఇరవై మూడేనా? నాకు ఇంకా ఎక్కువున్నట్టుండేదే" అంది. కాసేపాగి, "మీ అమ్మమ్మ చాప ఉందా?" అని అడిగింది.

లేదు. అమ్మమ్మ పోయి పదేళ్ళయింది.

హైదరాబాద్ తిరిగి వచ్చాక నోట్‌బుక్కు నా దగ్గరే ఉంచుకుంటానని చెప్పడానికి మావయ్యకి ఫోన్ చేశాను. ఉంచుకోమన్నాడు గానీ ఆయన మనసు దానిమీద లేదు. బళ్ళో నాలుగో తరగతిలో ఒక పిల్ల మూడు రోజులుగా రావడం లేదట. వాళ్ళ అమ్మానాన్నలు చెన్నై పనులకి వెళ్ళడానికి సామాన్లు కడుతున్నారని ఎవరో చెప్పారట. "నానమ్మ దగ్గర వదిలీమని అడుగుతాను. నువ్వలాగే కదే చదివావు" అన్నాడు.

"ఎప్పుడెళ్తావు మావయ్యా?"

"రేపు పొద్దున్న. మొదటి బస్సుకెళ్తే వాళ్ళు లేచీసరికి అక్కడుంటాను. ఉంటానమ్మీ, పొద్దున్నే లెగాలి" అని ఫోన్ పెట్టేశాడు.